కొక్కెం

దువార్నెనే రేవులో తాళ్లు విప్పుతుంటే
చేపలు తూచే మారీవోన్
తూకం మధ్యలో వదిలేసి గట్టు దాకా వచ్చింది.
"మూడేళ్లవాడు. మూడు!" అంది,
నాకు లెక్క రానట్టు వేళ్లు చాపి.
ఆమె తమ్ముడి బూట్లలో ఒక్కటే
తిరిగొచ్చిన సముద్రం ఇది.
ఏం చెప్తాను?
చెయ్యి ఊపాను.

చెయ్యాల్సినవన్నీ చేశాం.
పడవ అంచు చుట్టూ వల బిగించాం,
చేపల కోసం కాదు.
మాలో నడుముకి పటకా, పటకాకి తాడు,
తాడు చివర స్టీలు కొక్కెం.
అది తగిలించకుండా మెట్టెక్కితే
ఆ పూట బిస్కట్ లేదు.
ఆరేళ్ల ఎనోరా ఒకసారి నన్నే పట్టేసింది.
నా బిస్కట్ కూడా పోయింది.

మా వైపు పడవెక్కాక అనకూడని మాట ఒకటుంది.
చెవులు పొడుగ్గా ఉండే ఆ జంతువు పేరు.
వెనకటికి ఓడలో తాళ్లు కొరికేసిందట,
అందర్నీ ముంచిందట.
మాలో సంకలో నలుగుతుండేది సరిగ్గా అదే,
బూడిదరంగు గుడ్డబొమ్మ.
పెద్దచెవులాయన అని పిలుచుకున్నాం.
గోల్వెన్ ఇంజనీరు.
అయినా ఈ విషయంలో నవ్వడు.

ఐదో రాత్రి ఎనోరా ఒళ్లు పెనంలా కాలింది.
ఆసుపత్రి ముందుకైనా నాలుగు రోజులు,
వెనక్కైనా నాలుగు రోజులు,
అదీ గాలి దయతలిస్తే.
రేడియోలో డాక్టరు గొంతు
గులకరాళ్ల మీద నడుస్తూ వచ్చింది:
"మెడ వంచగలుగుతోందా? మెడ..."
వంచింది.
ఆ రాత్రి నన్ను నేను తిట్టుకున్న తిట్లు
మారీవోన్ నోటికి కూడా వచ్చి ఉండవు.

తెల్లారి అదే పిల్ల
దుప్పటి ఈడ్చుకుంటూ పైకొచ్చి
నీళ్లకేసి చూసి,
"సముద్రానికి కూడా తగ్గిందమ్మా" అంది.

ఇలాంటివి ఎవరికి చెప్పుకోను?
అమావాస్య రాత్రి పడవ కింద నుంచి
డాల్ఫిన్లు నిప్పుగీతల్లా దూసుకెళ్తే
ఎనోరా ఊపిరి బిగబట్టడం,
వాళ్ల నాన్నని లేపొద్దనడం,
"ఇవి మనిద్దరివే" అనడం.
లాగ్ పుస్తకంలో గాలివేగం రాసే గడిలో
ఊడిన పాలపన్ను అంటించి ఉండటం.
అలలకి మాలో పేర్లు పెట్టడం:
ఇది లావు మామ, ఇది దొంగ,
ఇది ఏడవబోతోంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం,
గాలి పెరిగింది, తెరచాప కుదించాలి.
వీపు తిప్పాను.
ఎంతసేపు? పది లెక్కపెట్టేంత. పదిహేను.
తిరిగి చూస్తే
తాడు ఉంది, కొక్కెం ఉంది.
కొక్కేనికి వేలాడుతూ
బూడిదరంగు చెవులు రెండు.
వాడు లేడు.

చుట్టూ చూశాను.
ప్రతి అలా తల ఎత్తింది, ప్రతి అలా మాలో,
ఏదీ మాలో కాదు.
పిలుద్దామంటే కొడుకు పేరు నోరు దాటలేదు.
అనకూడని ఆ మాటే అరిచాను:
"కుందేలు! కుందేలు! కుందేలు!"

తెరచాపలు కుక్కే అరలోంచి
నిద్రగొంతు:
"అమ్మా, అలా అనకూడదు."

వాణ్ణి బయటికి లాగి
కొట్టానో ముద్దుపెట్టానో నాకు తెలీదు.
ఎందుకు విప్పావురా అంటే
బొమ్మ వైపు వేలు చూపించాడు.
"నాకు ఈత వచ్చు. దానికి రాదు."
వాడికీ రాదు.

హోర్టా రేవు గోడ మీద
దాటొచ్చిన పడవలు బొమ్మలు వేసి పోతాయి.
ఎనోరా మా పడవ గీసి,
నలుగుర్నీ గీసి, డాల్ఫిన్లు మాత్రం వెయ్యలేదు.
నా వైపు చూసి కన్ను కొట్టింది.
మాలో పక్కనే రెండు పెద్ద చెవులు పూశాడు.
గోల్వెన్ వద్దనలేదు.

మారీవోన్‌కి ఉత్తరం మొదలుపెట్టాను.
"క్షేమం" అని రాసి ఆగిపోయాను.

సాయంత్రం రొట్టెల కొట్టుకి వెళ్తూ
రోడ్డు దాటుతున్నాం.
కార్లు రెండే, అవీ నెమ్మదిగానే.
నా చెయ్యి వాడి నడుము చుట్టూ
కొక్కెం కోసం వెతుకుతూనే ఉంది.